పద్నాలుగో నంబరు ద్వారబంధం

పుస్తకాలు కుట్టే బెట్యె వేళ్ళు ఓ పుస్తకం వెన్ను మీది పాత జిగురును గోకుతున్నాయి. హంగేరీ నుంచి అనువాదమై వచ్చిన నవల. దెవెంతర్ ఊరి గ్రంథాలయంలో ఏడాదిన్నరకే ముప్పై చేతులు మారి, కుట్లు ఊడి, కాగితాలు చేతికొచ్చేశాయి. రేపు దాని మీద పెద్ద చర్చ.

ఊళ్ళో ఎక్కడ చూసినా అదే మాట. మొన్న రొట్టెల కొట్టులో ఒకావిడ అడగనే అడిగింది. "మీ యూదుల ఇళ్ళల్లో వంట ఆ నవల్లో మామ్మలాగే చేస్తారా?"

"ఆవిడది హంగేరీ తల్లీ. నాకు గుడ్డు ఉడకబెట్టడమే రాదు," అంది బెట్యె. అందరూ నవ్వారు. ఆ మామ్మ కోసం ఏడ్చినవాళ్ళలో ఒక్కరూ ఈ ఊరి యూదులేమయ్యారని అడగలేదు.

"అంచుల్లో పెన్సిల్ రాతలన్నీ చెరిపెయ్యండి బెట్యె గారూ, రేపు పైకి చదవాలి," అని చెప్పి వెళ్ళింది గ్రంథాలయం వీప్కె.

చెరుపుతూ వచ్చింది. 'అయ్యో పాపం.' 'మన దగ్గర ఇలా జరగదు.' నూట పన్నెండో పేజీలో రబ్బరు ఆగింది. యూదులను తీసుకుపోయిన ఇంట్లో కొత్తగా దిగినవాళ్ళు, ద్వారబంధానికి ఏటవాలుగా కొట్టిన, వస్తూపోతూ తాకి ముద్దుపెట్టుకునే ప్రార్థన చీటీ గొట్టం పీకి రంగు వేసే పేజీ అది. పక్కన వణుకుతున్న అక్షరాలు: 'మేమూ అంతే చేశాం. కుమ్మరి వీధి, పద్నాలుగు. గుర్రపు జీన్లు కుట్టే వాన్ గెల్డర్ ఇల్లు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రంగు కింద గుంట ఇంకా ఉంది.'

వాన్ గెల్డర్ బెట్యె తాత; ఆమె పుస్తకాలకు బెజ్జాలు పొడిచే ఆరె ఆయనదే. ఇల్లెక్కడో నాన్న చచ్చేదాకా చెప్పలేదు. ఈ రాత చెరిపితే తాత ఇంటికి ఉన్న ఒక్క ఆనవాలూ పోతుంది. ఉంచితే రేపు ఊరంతా ఇది రాసిన ముసలిప్రాణం గుమ్మం ముందు నిలబడుతుంది.

మధ్యాహ్నం కుమ్మరి వీధికి వెళ్ళింది. పద్నాలుగో గుమ్మం దగ్గర, రంగు కింద, బొటనవేలికి ఏటవాలు గుంట తగిలింది. ఆ వేలు దానంతటదే పెదవుల దాకా వెళ్ళింది. లోపల తెర కదిలింది. గంట నొక్కలేదు, తలుపూ తెరుచుకోలేదు.

తిరిగొచ్చి కుట్టింది. జిగురు పెట్టి బరువు కింద ఉంచింది.

మర్నాడు వీప్కె తిరగేసి చూసి, "ఇక్కడొకటి మిగిలిందే! రబ్బరుకి పోలేదా?"

"పోతుంది."

వీప్కె చదివింది. బెట్యె ముఖం కేసి చూసి, గొంతు తగ్గించింది. "ఇది... చదవాలాండీ?"

"కుట్టడమే నా పని. ఈసారి ఆ పేజీ ఊడదు," అని బెట్యె పుస్తకం ఆమె చేతుల్లో పెట్టింది.