పసుపు మరక ఆగిన పేజీ

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎవరైనా పాత పుస్తకం అంచున బొటనవేలు పెట్టి పేజీలను జర్రున జారవిడిస్తే చాలు, నా కాళ్లు నిలవవు. వెళ్లి ఆ పుస్తకం లాక్కుని చూడాలనిపిస్తుంది. ఆ చప్పుడు రత్నమ్మ టీచర్‌ది.

మెదక్ వైపు మిషన్ బడుల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన టీచర్, ఉద్యోగం అయిపోయాక నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో రెండు గదుల పఠనాలయం పెట్టారు. కథలు ఎక్కడైనా దొరుకుతాయని, సైన్సు, లెక్కల పుస్తకాలే ఉంచేవారు. నేను అక్కడ ఊడ్చే మనిషిని. నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. చదవడం వచ్చిందని నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. తప్పు చదివితే నవ్వుతారని భయం.

టీచర్ పుస్తకాలను ఎంచే తీరే వేరు. పుస్తకం మూసి, ముందు అంచు చూసేవారు. చదివినవాళ్ల చేతి మురికి ఎన్ని పేజీలకు అంటితే అంతవరకే ఎవరో చదివినట్టు లెక్క. "చూడు యాదమ్మా, నలభై పేజీలకే తెల్లగైంది. రాసినాయన గాడ మన చెయ్యి ఇడిసిపెట్టిండు," అని పక్కన పడేసేవారు. చివరిదాకా నల్లబడినదే బీరువా ఎక్కేది.

ఒకసారి ఆబిడ్స్ నుంచి నాలుగు పుస్తకాలు తెచ్చాం. నచ్చనివి వచ్చే ఆదివారం వాపసు ఇస్తామని అమ్మేవాడితో మాట. అంతలో టీచర్‌కు జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు. ఊరికే ఉండలేని చేతులు నావి. వడ్రంగి వదిలిపోయిన గరుకు కాగితంతో నాలుగింటి అంచులూ తెల్లగా రుద్దేశాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"ఏం చేసినవే! పుస్తకాల నోరు మూసినవ్ గద!"

"మురికున్నదని, టీచరమ్మా..."

"మురికి గాదే, సాక్ష్యం! ఇగ నాకెవరు చెప్తరు?"

పని పోయిందనుకున్నాను. పనికన్నా, చదువు ఆగిపోతుందనే ఎక్కువ భయం వేసింది. ఆమె నాలుగు పుస్తకాలూ నా ముందుకు తోశారు. "నువ్వే చదువు. యాడ ఆగినవో శనివారం చెప్పు."

మూడింటిలో ఎక్కడ ఆగానో ఎలాగో తేలింది. నాలుగోది లెక్కలు చేసే యంత్రాల గురించి. పొయ్యి దగ్గర పసుపు చేతులతోనే చదివాను, గడపలో చదివాను, లేచి తిరిగాను, మళ్లీ కూర్చున్నాను. ఒకచోట అడుగు పడలేదు. అయినా శనివారం "అయిపోయింది" అన్నాను.

ఆమె పేజీలు జర్రున జారవిడిచారు. "పసుపు ఇరవై మూడో పేజీ కాడ ఆగింది. అబద్ధం నేను నేర్పలే."

ఇక దాచలేకపోయాను. "రెండుకు ఒకటి రాసి పక్కన సున్నా పెట్టిండు. అది పది గాదా? నాకు తల తిరిగింది."

ఆమె నిలబడే ఆ పేజీ చదివారు. "ఔ. రాసినాయన గీడ ఒక మెట్టు ఎగిరి దాటిండు. గిది నీ తప్పు గాదు. వాపసే."

"వాపసు ఇయ్యకున్రి టీచరమ్మా! గది పది ఎందుకు గాదో నాకు తెల్వాలె."

ఆమె మొదటిసారి తన పద్ధతి తప్పారు. "బీరువాకు పనికిరాదు. నీకు పనికొస్తది, ఉంచుకో," అని చింతగింజలు తీసి, నేల మీద గడులు గీసి ఎదురుగా కూర్చున్నారు. ఒక గడిలో ఒక్క గింజే పడుతుందని, రెండోది వస్తే ఆ గడి ఖాళీ చేసి పక్క గడిలో ఒకటి పెట్టాలని చూపించారు. మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని ఉండగా తటాలున అర్థమైంది. చీపురు వదిలేసి టీచర్ దగ్గరికి పరుగెత్తాను.

టీచర్ పోయి చాలా ఏళ్లయింది. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. మరక డెబ్బై ఒకటో పేజీ దాకా వచ్చి మళ్లీ ఆగింది. కూర కలుపుతుండగా ఏదో తోస్తుంది. గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కోకుండానే పుస్తకం తెరుస్తాను.