చిన్నాయన తెలుగులో చెప్పిన మాట

నాకు నలభై దాటినా గొంతు మాత్రం ఆరో క్లాసు దాటలేదు. ఫోనెత్తితే "పాపా, అమ్మకివ్వు" అంటారు. ఆ గొంతు వల్ల నాకు ఒరిగిందేమీ లేదు, ఒక తమిళ టీవీ చానల్ వాళ్లు వెతుక్కుంటూ వచ్చేదాకా. ఆన్‌లైన్లో చిన్నపిల్లలకు వల వేసేవాళ్లను కెమెరా ముందు పట్టుకునే కార్యక్రమం వాళ్లది. నేను పన్నెండేళ్ల పిల్లలా ఫోన్లో మాట్లాడాలి. మనిషి వస్తే మిగతాది పోలీసులు చూసుకుంటారు.

మా ఊళ్లోనే నటేశన్ నగర్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని కెమెరాలు దాచారు. చెప్పిన వేళకు హల్వా పొట్లంతో వచ్చినవాణ్ణి చూడగానే గుర్తుపట్టాను. కోసపాళయంలో మా వీధివాడే. ఈ తమిళ ఊళ్లో మా తెలుగువాళ్ల సంఘానికి పెద్ద. నేను ఊహ తెలిసినప్పటి నుంచి చిన్నాయనా అని పిలిచే మనిషి. ఫోన్లో ఇద్దరం దొంగపేర్లతో తమిళంలోనే మాట్లాడుకున్నాం కాబట్టి ఒకరినొకరం పోల్చుకోలేదు.

యాంకర్ మైకు పెట్టాడు. చిన్నాయన అతన్ని వదిలేసి నాతో తెలుగు అందుకున్నాడు. అది అక్కడ మా ఇద్దరికే వచ్చు.

"ఏందమ్మా ఇది? మనోళ్లం గదా. వీళ్లను యాడికన్నా పొమ్మను. మన ఆడపిల్లల మీద నేను ఎప్పుడన్నా చెయ్యేసినానా?"

ఏమంటున్నాడని యాంకర్ అడిగాడు. చెప్పొద్దన్నట్టు చిన్నాయన తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట వదలకుండా తమిళంలో చెప్పాను. పోలీసులు ఆయన్ని తీసుకుపోయారు, హల్వా కూడా.

టీవీలో వచ్చిన మర్నాడు సంఘం పెద్దలు మా ఇంటికి వచ్చారు. ఆయన చేసినదాని గురించి కాదు, తెలుగులో అన్నది బయటివాళ్లకు చెప్పినందుకు. "ఇంటిగుట్టు లంకకు చేటమ్మా" అన్నారు.

"లంకకు చేటు తెచ్చింది గుట్టు చెప్పిన తమ్ముడా, పరాయి ఆడదాన్ని ఎత్తుకొచ్చిన అన్నగారా?" అన్నాను. కాఫీ తాగకుండా లేచి వెళ్లారు.

సాయంత్రం చిన్నాయన కోడలు వచ్చింది. తిడుతుందనుకున్నాను. గడప దగ్గరే నిలబడింది.

"వదినా, మన ఆడపిల్లల మీద చెయ్యెయ్యలేదన్నాడే, అది నిజమేనా?"

ఆమెకు తొమ్మిదేళ్ల కూతురుంది. ఆయన అన్నమాట నేను చెప్పగలను. అది నిజమో కాదో నాకేం తెలుసు?

"పాపను అడిగినావా?" అన్నాను.

"పొద్దున అడిగినాను వదినా. అప్పట్నుంచి పలకలా."

అంతదాకా నాకు ఆయన మీద కోపమే ఉంది. అప్పుడు భయం వేసింది. చెప్పులేసుకుని ఆమె వెంట వెళ్లాను.