పడిపోవడం నేర్పిన కళ్లద్దాలు

వనపర్తిలో ఐదంతస్తుల బిల్డింగు కట్టేటప్పుడు నేను, మా ఆయన అక్కడే పనిచేశాం. నేను ఇసుక మోసేదాన్ని. ఆయనది పైన సెంట్రింగ్ పని. ఇరవై ఏళ్లు జానెడు చెక్క మీద నిలబడి మేకులు కొట్టిన మనిషి, అక్కడే తీరిగ్గా బీడీ కూడా ముట్టించేవాడు.

ఒకరోజు కంపెనీవాళ్లు మొహానికి కట్టుకునే పెద్ద కళ్లద్దాలు తెచ్చారు. పెట్టుకుంటే ఎత్తు మీద ఉన్నట్టే ఉంటుందట. పైన పనిచేసేటప్పుడు నడుముకు సేఫ్టీ బెల్టు లేకపోతే ఏమవుతుందో చూపిస్తారట. ముందు మా ఆయనకే కట్టారు. నేల మీదే రెండడుగులు వేసి, "అమ్మో!" అని బోర్లా పడ్డాడు. అందరూ పగలబడి నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. రెండోసారి ఆ కళ్లద్దాల ఆటలో బెల్టు కట్టుకున్నాడు, పూర్తి మార్కులొచ్చాయి. బోర్డు మీద ఆయన పేరు పక్కన స్టార్ అంటించి ఫొటో తీసుకున్నారు.

మర్నాడు పైకెక్కితే ఆయనకు చెక్క మీద అడుగు పడలేదు.

"కిందికి చూస్తే నిన్నటి లెక్కనే పడుతున్నట్టు అయితుంది. జర బెల్టు ఇయ్యుర్రి సారూ" అని సూపర్‌వైజర్‌ను అడిగాడు.

"స్టార్ వచ్చింది కద, ఇంక బెల్టెందుకు? భయమైతే దిగు. కొత్తకోట కూలీల అడ్డా మీద మస్తుమంది ఉన్నరు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేని భయం పెట్టింది వాళ్లే, బెల్టు దాచుకున్నదీ వాళ్లే! గంప విసిరికొట్టి ఆఫీసు గదిలోకి పోయాను. గోడకు బెల్టులు వేలాడుతున్నాయి, ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. పైన పటారం, లోన లొటారం. ఒకటి లాక్కున్నాను.

"ఏయ్, అవి చెకింగ్‌కు వచ్చినోళ్లకు చూపెట్టనీకి!" అని సూపర్‌వైజర్ వెంటపడ్డాడు.

"మరి మేం చస్తే ఎవరికి చూపెడ్తవ్?" అన్నాను.

కవరు పంటితో చింపి పైకి తీసుకుపోయి ఇచ్చాను. మా ఆయన నడుముకు కట్టుకుని, కొక్కెం చేతిలో పట్టుకుని నాలుగు దిక్కులా చూశాడు. అక్కడ ఎక్కడా తాడు కట్టి లేదు, కడ్డీ పెట్టి లేదు.

"దీన్ని ఏడ తగిలియ్యాలె?" అని నన్నే అడిగాడు.

చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. ఆయన మళ్లీ ఆ పనికి పోలేదు. ఇప్పుడు నాతోపాటు పెద్దమందడి చేన్లలో కూలికి పత్తి ఏరుతున్నాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా నేనే స్టూలెక్కుతున్నాను.