ముందు గదిలో కొబ్బరి కోరు

కోరు పిడి తిప్పుతుంటే చెప్పు కింద ఇసుక నలిగినట్టు ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వెనకే పచ్చి కొబ్బరి వాసన లేస్తుంది. ఈ ఉదయం నాలుగు చిప్పలు కోరేసరికి భుజం పట్టేసింది, అయినా ఆపలేదు. మా పఠనాలయం పాఠకులు పదిమంది భోజనానికి వస్తున్నారు. నెలకోసారి వస్తారు, పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు, తింటారు. నేను చేసేది ఎప్పుడూ ఒకటే: కొబ్బరి అన్నం, పెరుగు పచ్చడి, అప్పడాలు. అన్నం ఉడికి ఆరే లోపల మిగతావన్నీ అయిపోతాయి. ఈ వంట నాకు నేర్పింది కరుణమ్మ టీచర్ గారు. ఆ ఒక్క ముక్క నలుగురిలో చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

ఆవిడ మా పక్క ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. ఐనవిల్లి రోడ్డు మీద, చర్చికి రెండిళ్ళ అవతల ఉండేవారు. వాళ్ళ తాతలు మా ఊరి పొలాల్లో కూలికి వచ్చినవాళ్ళు. తరువాత క్రైస్తవులయ్యారు, చదువుకున్నారు, ఆ ఇంట్లో ముగ్గురు టీచర్లయ్యారు. భర్త చనిపోయాక ఆవిడ ఒక్కరే ఉండేవారు. నేను పదో తరగతితో చదువు మానేసి అమ్మ దగ్గర కుట్టుపని చేస్తున్న రోజుల్లో, జాకెట్లు ఇవ్వడానికి మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళాను. బయల్దేరుతుంటే అమ్మ చెప్పింది, "మర్యాదగా మాట్లాడు. కానీ ఏం పెట్టినా తినకు." ఎందుకని నేను అడగలేదు. మా వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

వెళ్ళేసరికి ఆవిడ ముందు గదిలో, కుర్చీలో కూర్చుని కొబ్బరి కోరుతున్నారు. అలాంటి కోరు నేను అంతకుముందు చూడలేదు. మా ఇళ్ళలో కత్తిపీట చివర పళ్ళ కోరు ఉంటుంది, నేల మీద కూర్చుని నడుం వంచి కోరాలి. ఇది మరతో బల్ల అంచుకు బిగించేది. ఒక చేత్తో చిప్ప పట్టుకుని రెండో చేత్తో పిడి తిప్పితే చాలు, పళ్ళెంలో మల్లెపూలు రాలినట్టు కొబ్బరి పడుతుంది. అదే బల్ల మీద ఒక బర్నరు గ్యాసు పొయ్యి, పోపుల డబ్బా, నిమ్మకాయలు పిండే చెక్క, వెడల్పాటి స్టీలు పళ్ళెం, అన్నీ చేతికందేలా ఉన్నాయి. ఆవిడ ఇంట్లో వంటగది వేరే ఉంది. అయినా ఎవరైనా వస్తే వంట ముందు గదిలోనే, వాళ్ళ ఎదురుగానే.

పఠనాలయంలో ఏదో పత్రికలో ఇతర దేశాల ఇళ్ళలో వంటగది, కూర్చునే గది ఒకటే ఉంటాయని చదివానని తరువాత ఒకసారి ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వేసి, "అయితే నేను ఫారిన్ దాన్నేనన్నమాట. మా స్టాఫ్ రూంలో చెప్పాలి," అన్నారు.

ఆ మొదటిరోజే ఆవిడ పళ్ళెంలో కొంచెం కొబ్బరి అన్నం పెట్టి నా ముందుకు జరిపారు. నేను తల వంచుకున్నాను. "పొద్దున్నే తినేసి వచ్చేనండి," అన్నాను. సాయంత్రం నాలుగైంది అప్పటికి.

"తినకపోతే ఏమీ అనుకోను సత్యా," అన్నారు. "కానీ సాకు చెప్పకు. సాకులు నా దగ్గర బస్తాలకి బస్తాలున్నాయి."

నా పేరు ఆవిడకి అమ్మ చెప్పి ఉంటుంది. మా వీధిలో అందరికీ నేను సత్తెమ్మనే. సత్యా అని పిలిచిన మొదటి మనిషి ఆవిడ. ఆ పిలుపుకే తిన్నానేమో, ఇప్పుడు చెప్పలేను. ఇంటికి వెళ్ళి అమ్మతో ఏమీ తినలేదని చెప్పాను.

ఆ సాకులు నేనూ కళ్ళారా చూశాను. ఆవిడ స్కూలు హెడ్మాస్టరు గారు ఏవో కాగితాల మీద సంతకాల కోసం అప్పుడప్పుడూ వచ్చేవారు. మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆయన వచ్చేరంటే టీచర్ గారు పళ్ళెం కడిగి, తుడిచి, ఆయన చూస్తుండగా కొబ్బరి కోరి, పోపు పెట్టి, వేడివేడిగా వడ్డించబోయేవారు.

"అయ్యో, ఈ రోజు శనివారం కదండీ టీచర్ గారూ. ఒక్కపొద్దు," అనేవారాయన చేతులు జోడించి.

"ఆయ్, మర్చిపోయేనండి," అనేవారీవిడ. పెరట్లోకి వెళ్ళి ఒక బొండం దింపించి, మూతి చెక్కించి ఇచ్చేవారు. బొండంలో నీళ్ళకి ఎవరి చెయ్యీ తగలదు కదా. అది ఆయన ఆనందంగా తాగి, ఈ మట్టిలో నీళ్ళే వేరండీ అని మెచ్చుకుని వెళ్ళేవారు. ఆయన గేటు దాటాక ఆవిడ క్యాలెండరు వైపు చూసి నాతో అనేవారు, "చూసేవా సత్యా, మా హెడ్మాస్టరు గారికి మంగళవారం కూడా శనివారమే." నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆవిడా నవ్వేవారు. ఆ అన్నం మేమిద్దరం తినేవాళ్ళం. కానీ మళ్ళీ ఆయన వచ్చిన రోజున ఆవిడ మళ్ళీ పొయ్యి వెలిగించేవారు. అది నాకు మొండితనంలా కనిపించేది.

నన్ను పఠనాలయానికి తీసుకెళ్ళింది ఆవిడే. మా ఊరి పెద్దలు కమిటీగా ఏర్పడి నడిపే రెండు గదుల పెంకుటిల్లు అది. ఆరు బీరువాలు. ఆవిడ తన పేరు మీద పుస్తకాలు ఇప్పించేవారు. మొదటి బీరువా మొదటి అర నుంచి వరసబెట్టి చదవడం మొదలుపెట్టాను. పురాణాలు, వ్యవసాయం, హోమియో వైద్యం, అనువాద నవలలు, ఏది దొరికితే అది. కాలేజీ గడప తొక్కకపోయినా ఆరు బీరువాలు చదివినదాన్నని నాకు నేనే చెప్పుకునేదాన్ని, ఎదుటివాళ్ళకి చెప్పేదాన్ని కూడా. ఒకసారి వంటల పుస్తకం తీసుకెళ్ళి, ఆవిడ పద్ధతి తప్పని, కొబ్బరిని పోపులో వేయించాలని వాదించాను.

ఆవిడ పిడి తిప్పుతూనే అడిగారు, "ఉప్పు ఎంతని రాసేరమ్మా అందులో?"

"తగినంత అని ఉందండి."

"ఎవరికి తగినంతో రాయలేదా? అయితే ఆ పేజీ నువ్వు రాయాలి."

తరువాత నా చేతికి పిడి ఇచ్చి చూపించారు. తెల్లది అయిపోయి గోధుమరంగు పెచ్చు కనబడగానే చెయ్యి ఆగాలి, లేకపోతే అన్నం రంగు చెడుతుంది. అన్నం పలుకుగా వార్చి పళ్ళెంలో ఆరబోయాలి. పోపు దింపి, సెగ తగ్గాక మాత్రమే కొబ్బరి కలపాలి. వేడి మీద కలిపితే నూనె వాసన. "వంట తేలికగా ఉండాలి సత్యా. మనింటికొచ్చిన మనిషి దగ్గర కూర్చోవాలి కానీ పొయ్యి దగ్గర కాదు," అనేవారు. అదే ఆవిడ సిద్ధాంతమని చాలాకాలం అనుకున్నాను.

నాకు పెళ్ళయింది, అదే ఊళ్ళో కాపురం. పఠనాలయం చూసుకునే పెద్దాయన చూపు తగ్గి మానేశారు. ఆ పని నాకిస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. అంతగా ఇంకేదీ కోరుకోలేదు నేను. హెడ్మాస్టరు గారు రిటైరై కమిటీ అధ్యక్షులయ్యారు. ఒక ఆదివారం ఆయన, మరో ఏడుగురు కమిటీవాళ్ళు మా ఇంటికి భోజనానికి వస్తామన్నారు. మనిషిని చూద్దామని, మాట్లాడదామని. ముందురోజు చేసి చూస్తే కొబ్బరి అన్నం ముద్దయిపోయింది. పరుగెత్తుకుని టీచర్ గారి దగ్గరికి వెళ్ళాను.

ఆదివారం ఉదయం ఆరాధన మానుకుని ఆవిడ మా ఇంటికి వచ్చారు. ఒక చేతిసంచిలో కోరు, ఇంకో సంచిలో మడత విప్పని నేత చీర. వస్తూనే ముందు గది చూసి, "బల్ల ఇక్కడ వేయించు, కిటికీ పక్కన," అన్నారు.

"వంటగదిలోనే కానిద్దామండి," అన్నాను. "వాళ్ళు పెద్దవాళ్ళు కదా."

ఆవిడ కోరు వంటగది గట్టుకు బిగిస్తూ మామూలుగానే అన్నారు, "మా ఇంట్లో ముందు గదిలో ఎందుకు వండుతానో ఎప్పుడూ అడగలేదు నువ్వు. ఎంత శుభ్రంగా చేస్తానో కళ్ళతో చూస్తే, ఒక్కరోజుకైనా తింటారేమోనని. ఇరవయ్యేళ్ళుగా అదే ఆశ." ఫారిన్ అని నేను మాట్లాడిన మాటలు గుర్తొచ్చి నా మొహం మాడిపోయింది. ఆరు బీరువాలు చదివినదాన్ని, ఎదురుగా ఉన్న ఒక్క బల్లను చదవలేకపోయాను.

వంటంతా ఆవిడే చేశారు. పన్నెండుకల్లా పూర్తిచేసి, పక్క గదిలోకి వెళ్ళి ఆ నేత చీర కట్టుకుని వచ్చారు. "బాగుందా?" అని అడిగారు. చాలా బాగుందన్నాను. ఎందుకు కట్టుకున్నారో నాకు తెలుసు. వడ్డన నేను చేస్తాను, మీరు ఇక్కడ కూర్చోండి అని చెప్పాను. "ఆయ్," అన్నారు.

ఎనిమిదిమందీ తిన్నారు. హెడ్మాస్టరు గారు ఒకసారి వేయించుకుని, మళ్ళీ పళ్ళెం చాపారు. "ఎన్నాళ్ళకి తిన్నాను ఇలాంటి కొబ్బరి అన్నం. ఎక్కడా నూనె వాసన లేదు. ఎవరు చేసేరమ్మా?"

వంటగది గుమ్మానికి తెర ఉంది. తెర కింద నేత చీర అంచు, ఆవిడ పాదాలు కనబడుతున్నాయి. పిలిస్తే ఒక్క అడుగు వేస్తే చాలన్నట్టు నిలబడి ఉన్నారు.

"పఠనాలయంలో పుస్తకం చూసి నేనే చేసేనండి," అన్నాను.

ఇన్నేళ్ళలో ఆ మాటకి చాలా కారణాలు చెప్పుకున్నాను. ఆయన మధ్యలో చెయ్యి కడుక్కుంటారని భయం. పని పోతుందని భయం. అవన్నీ నిజమే. కానీ పుస్తకం చూసి అన్నప్పుడు నా ఛాతీ కొంచెం పొంగింది. అదీ నిజమే.

"చూసేరా, చదివే పిల్ల అంటే ఇలా ఉండాలి," అన్నారు ఆయన మిగతావాళ్ళతో. తాంబూలం వేసుకుంటూనే తాళంచెవి నా చేతిలో పెట్టారు.

వాళ్ళు వెళ్ళాక నేను తెర తీసేసరికి టీచర్ గారు మళ్ళీ పాత చీరలో ఉన్నారు. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. కోరు మాత్రం గట్టు మీద అలాగే బిగించి ఉంది.

"బాగా తిన్నారండి," అన్నారు. "హెడ్మాస్టరు గారు రెండుసార్లు వేయించుకున్నట్టున్నారు. విన్నాను."

"టీచర్ గారూ..."

"కోరు ఉంచుకోండి. పుస్తకం చూసి చేసేటప్పుడు మీకు పనికొస్తుంది."

మీకు అన్నారు. గోదావరి జిల్లాలో పసిపిల్లల్ని కూడా అండీ అని పిలిచేవాళ్ళున్నారు, ఆ మాటలో కత్తి ఉంటుందని బయటివాళ్ళెవరూ అనుకోరు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను ఒక్కసారి కూడా సత్యా అని పిలవలేదు.

పఠనాలయానికి రావడం మాత్రం మానలేదు. ప్రతి మంగళవారం వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, పుస్తకం తీసుకుని, "వెళ్ళొస్తానండి," అనేవారు. నేను లేచి నిలబడితే, "కూర్చోండి, కూర్చోండి, పనిలో ఉన్నారు," అనేవారు. ఒక్కసారి ధైర్యం చేసి, గదిలో ఎవరూ లేనప్పుడు, "టీచర్ గారూ, ఆ రోజు నేను..." అన్నాను. ఆవిడ పుస్తకం మీద నుంచి తలెత్తి ఎంతో మర్యాదగా అడిగారు, "ఏ రోజండి?" ఆవిడ నన్ను క్షమించదలచుకోలేదు. ఆ హక్కు ఆవిడది.

రెండేళ్ళ కిందట అమలాపురం ఆసుపత్రిలో ఆవిడ పోయారు. సమాధి తోటకి హెడ్మాస్టరు గారు కూడా వచ్చి, గొప్ప టీచరమ్మ అని నలుగురికీ చెప్పారు. ఆ ఇంట్లో భోజనాలకి మాత్రం ఉండలేదు.

ఆ నెల పాఠకుల భోజనం మా ఇంట్లోనే. ఆయనా వచ్చారు. కొబ్బరి అన్నం రెండు ముద్దలు తిన్నాక నేను ఆయన ఎదురుగా నిలబడి చెప్పాను. ఇది కరుణమ్మ టీచర్ గారు నేర్పిన వంటని, ఆ రోజు ఆయన రెండుసార్లు వేయించుకున్నది ఆవిడ చేత్తో వండినదేనని, నేను అబద్ధమాడానని. గదిలో అందరూ తినడం ఆపారు. హెడ్మాస్టరు గారు పళ్ళెం వైపు చూశారు. తరువాత చాలా నెమ్మదిగా, ఎప్పటిలాగే ఎవరినీ నొప్పించకుండా, "అన్నట్టు ఈ రోజు శనివారం కదమ్మా, మర్చేపోయేను," అని లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ రోజు ఆదివారం.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన జీవితమంతా చెప్పిన మాటే చెప్పారు. నేను చెప్పినది మాత్రం వినవలసిన మనిషి లేకుండా చెప్పాను. ఆవిడ బతికుండగా, ఆ తెర పక్కకి తీసి చెప్పవలసింది. ఇప్పుడు చెబితే నాకు తేలిక, అంతే. ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

ఆ మర్నాడు కోరును వంటగదిలోంచి తీసి ముందు గదిలో, కిటికీ పక్కన బల్లకు బిగించాను. ఇప్పుడు ఎవరొచ్చినా వాళ్ళ ఎదురుగానే కోరుతాను. వడ్డించే ముందే, ఎవరూ అడగకముందే, ఈ కోరు ఎవరిదో, ఈ వంట ఎవరిదో చెబుతాను. చాలామంది తింటారు, మళ్ళీ పళ్ళెం చాపుతారు. ఒకరిద్దరికి మాత్రం ఆ రోజు శనివారమవుతుంది. వాళ్ళకి బొండం కొట్టించి ఇవ్వను. మంచినీళ్ళు, మా ఇంటి గ్లాసులో ఇస్తాను.

తిన్నవాళ్ళు వెళుతూ గుమ్మంలో ఆగి, "చాలా బాగుందండి, వెళ్ళొస్తామండి," అంటారు. ఎంతో ప్రేమగానే అంటారు. ఆ అండీ చెవిన పడగానే నా చెయ్యి తెలియకుండానే కోరు పిడి మీదికి వెళుతుంది.