ఆవగింజంత చుక్క

మా సైన్స్ సార్ పోయారని నాకు గొర్రెల దొడ్డిలో తెలిసింది. ముదిగుబ్బ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి గొర్రెలకు సూదులు వేయడం నా ఉద్యోగం. ఆ పొద్దున ఒక గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉండగా ఫోను మోగింది. సార్ కొడుకు. "నాయన తెల్లారుజామున పోయినాడక్కా" అన్నాడు. గొర్రెను వదల్లేదు. దానికి సూది వేసి, మిగిలిన మందంతటికీ వేసి, అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత అలసటగా ఉండింది.

మీకు ఆయన తెలియదు. తెలిసేంత పేరున్న మనిషి కాదు. మా ఊరి హైస్కూల్లో సైన్స్ చెప్పి, అక్కడే రిటైరయ్యారు. నడిచేటప్పుడు ఆయన పెదాలు కదులుతుండేవి. కొత్తవాళ్లు ఏదో మంత్రం చదువుకుంటున్నాడని అనుకునేవాళ్లు. ఆయన అడుగులు లెక్కపెట్టుకునేవారు. బడి నుంచి టీ కొట్టుకు ఎన్ని, టీ కొట్టు నుంచి బస్సు ఆగే చోటుకు ఎన్ని, అన్నీ నోటికే. "దూరమనేది కాళ్లకు తెలియల్ల పాపా. కండ్లకు తెలిస్తే సాలదు" అనేవారు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడే ప్లూటోను గ్రహాల్లోంచి తీసేశారు. ప్లూటోకు ఇంచుమించు సమానమైన ఏరిస్ అనే గోళం ఇంకా అవతల దొరకడంతో వచ్చిన తంటా అది. దీన్నీ గ్రహమంటే రేపు ఇంకెన్ని బయటపడతాయోనని రెండింటినీ మరుగుజ్జు గ్రహాలన్నారు. సార్ బోర్డు మీద తొమ్మిది కొట్టేసి ఎనిమిది రాశారు. "ఇన్నేండ్లు నేను తప్పు చెప్పినాను. మీ అన్నలూ అక్కలూ కనపడితే వాళ్లకూ చెప్పండి" అన్నారు. అట్లా ఒప్పుకున్న పెద్దమనిషిని అంతకుముందు నేను చూడలేదు.

ఏరిస్ ఎంత దూరం సార్ అని అడిగింది నేనే. నోరు మూసుకుని ఉంటే కాళ్లన్నా మిగిలేవి.

ఆ ఆదివారం బడి గేటు దగ్గర జొన్నల గంప బోర్లించి, ఇది సూర్యుడన్నారు. అక్కడి నుంచి నూరు అడుగులు వేసి ఒక వేరుశనగ గింజ పెట్టి, ఇది భూమి అన్నారు. ఆ లెక్కన ఏరిస్ ఒక ఆవగింజ. దాని చోటు తొమ్మిది వేల ఆరు వందల అడుగుల అవతల. ఆయన లెక్కపెడుతూ నడిచారు. నూరు అడుగులకొకసారి తాడుకు ముడి వేయడం నా వంతు. రెండు ఊళ్లు దాటాం. వానల్లేక వాడిన వేరుశనగ చేలు దాటాం. తొంభై ఆరో ముడి మూడో ఊరి బీడు భూమిలో పడింది.

సార్ జేబులోంచి ఆవగింజ తీసి నేల మీద పెట్టారు. చోటు తెలియడానికి ఒక రాయి నాటి, సున్నం కొట్టి, దాని మీద ఆవగింజంతే పసుపుపచ్చ రంగు చుక్క పెట్టారు. ఆ ఊరివాళ్లు కొందరు వచ్చి నిలబడ్డారు. అందరికీ కలిపి చెప్పారు.

"ఇది మన చందమామ కంటే సిన్నది. సూర్యుడి కాడ పొద్దున ఆరుకు బయల్దేరిన వెలుగు దీని కాడికి చేరేటప్పటికి మనకు రాత్రి ఏడు దాటుతాది. దీనికి ఒక ఏడాదంటే మనకు అయిదు వందల యాభై ఏండ్ల పైన. తోడుగా ఒగటే చందమామ. సలికి దీని గాలి కూడా గడ్డకట్టి నేల మీద పడి ఉండాదంట. సూర్యుడి దగ్గరికి వస్తేనే లేస్తాదంట. దానికి ఇంకా రెండు వందల ఏండ్లకు పైన పడతాది."

ఆ మాటన్నాక చేల వైపు చూసి, "దీని కంటే మనమే నయంలే" అన్నారు.

నాలుగో రోజు ఆ ఊళ్లో వాన పడింది. మా ఊళ్లో చినుకు లేదు.

మరుసటి నెల సార్ వెళ్లి చూస్తే రాయికి పసుపు, కుంకుమ, చుట్టూ కొబ్బరి చిప్పలు. పేరు కూడా పెట్టేశారు, తెల్లరాయమ్మ. రాయికీ రప్పకూ మొక్కొద్దని బతుకంతా చెప్పిన మనిషి చేతుల మీదుగా ఒక దేవత పుట్టింది. నవ్వకండి. ఆయన రెండు రోజులు అన్నం తినలేదు.

అప్పటి నుంచి ఏటా విత్తనానికి ముందు ఆ ఊరు రాయికి పూజ చేసేది, ఏటా ఆ రోజుకు సార్ నడిచిపోయి అదే పాఠం మళ్లీ చెప్పేవారు. వాళ్లు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, శ్రద్ధగా విని, ఆయన అటు తిరగ్గానే టెంకాయ కొట్టేవాళ్లు. చివరికి ఆయన బేరానికి దిగారు. "పసుపన్నా తగ్గించండమ్మా. మీరు పూసే పసుపుకు ఇది భూమిని మించిపోయింది. ఆవగింజంత సాలు." వాళ్లు నవ్వేవాళ్లు.

వదిలేయండి సార్, ఎవరికి నష్టం అన్నాను ఒకసారి. "అబద్ధాన్ని నాటింది నేను పాపా. నేనే పీకల్ల" అన్నారు.

పోయిన నెల చూడబోతే మంచం మీద ఉన్నారు. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఈ ఏడు నేను పోలేను. నువ్వు పోయి ఆ రాయి పీకెయ్. ఇన్నేండ్లు చెప్పినా ఒగరికీ తలకెక్కలే. రాయన్నా లేకుంటే నాకు నిమ్మళం" అన్నారు. సరే సార్ అన్నాను. ఆయన ముఖంలో ఓడిపోయానన్న దిగులు చూస్తూ ఇంకేమనను?

కర్మలయ్యాక, పూజ రోజు పొద్దున్నే స్కూటరుకు గడ్డపార కట్టుకుని వెళ్లాను. జనం రాకముందే పని ముగించాలనుకున్నాను. అప్పటికే ఒక అవ్వ, నలుగురు ఆడవాళ్లు అక్కడున్నారు. వాళ్ల గొర్రెలన్నీ నాకు తెలుసు.

"ఏం సూదుల పాపా, సార్ యాడ?" అంది అవ్వ.

"సార్ పోయినాడవ్వా."

అవ్వ నేల మీద కూలబడింది. "ఇంగ మాకెవురు చెప్తారు?" అంది. తర్వాత నన్నే చూస్తూ, "నువ్వు చెప్పు. సార్ దగ్గర సదివినదానివే గదా" అంది.

గడ్డపార వెనక్కి పెట్టుకుని మొదలుపెట్టాను. వెలుగు చెప్పాను. ఏడాది చెప్పాను. గాలి దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

"చందమామను ఇడిసిపెట్టినావే" అంది అవ్వ. "ఒగటే. అదే దానికి తోడు." పక్కనున్న ఆమె గాలి సంగతి అందుకుంది. ఇంకొకామె రెండు వందల ఏండ్ల మాట చెప్పి, "దీని కంటే మనమే నయంలే" అని ముగించింది. అక్షరం పొల్లుపోలేదు. ఏటా ఆయన చెప్పేవారు, వాళ్లు వినేవారు. వాళ్ల చేత చెప్పించాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు, నాకూ తోచలేదు. ఒక్క నెల ముందు నేను వీళ్లను అడిగి ఉంటే ఆ మాట మోసుకెళ్లి ఆయన చెవిన వేసేదాన్ని. ఫోను వచ్చిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఆ గడ్డపార యాల తెచ్చినావు?" అవ్వ అడిగింది.

ఏళ్లుగా గొర్రెలు ఒళ్లు రుద్దుకోవడంతో రాయి పక్కకు వాలి ఉంది. "రాయి ఒరిగింది గదవ్వా" అన్నాను. మొదలు తవ్వి, నిలబెట్టి, మట్టి తొక్కాను. ఆయనకిచ్చిన మాట తప్పాను, మీకు చెప్పుకుంటున్నాను.

అవ్వ బిందెడు నీళ్లు పోసి ఏళ్ల పసుపంతా కడిగింది. పక్కామె పసుపు పళ్లెం అందిస్తే తోసేసింది. చీపురు పుల్ల ఒకటి తెంపి, కొస పసుపులో ముంచి, రాయి మీద తాకించీ తాకించనట్టు పెట్టింది.

"ఇంతే గదా పెట్టమనె సార్. ఈ పొద్దన్నా ఆయన మాట ఇందాం."

స్కూటరు వైపు నడిచాను. నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఇరవయ్యో అడుగు దగ్గర తిరిగి చూశాను. ఎండలో రాయి తెల్లగా ఉంది. చుక్క కనపడలేదు.