సారు నూనె, నా ఇంజను

చంద్రపూర్ దవాఖానాలో సారు పోయారని మొన్న పొద్దున పక్కచేను మల్లయ్య వచ్చి చెప్పాడు. రాజురా బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన సారు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. మా ఊరి బడిలో ఏడుతో ఆగినవాణ్ణి. అయినా నాకు ఆయన సారే.

రిటైరయ్యాక ఆయన సమోసా దుకాణాల్లో మిగిలిన నూనె తెచ్చి డీజిల్ చేసేవారు. నూనెలో తడి పోయేదాకా కాచి, చల్లార్చి, కాస్టిక్ సోడా కరిగించిన మిథనాల్ కలిపేవారు. చిక్కటి గ్లిజరిన్ అడుక్కి దిగాక పైది తీసి నీళ్లతో కడిగేవారు. చివరికి సీసాలో సగం అది, సగం నీళ్లు పోసి గట్టిగా ఊపేవారు. రెండూ తేటగా విడిపోతే పనికొచ్చినట్టు. పాలలా అయితే మళ్లీ మొదటికే. "అయ్యిందా సారూ?" అంటే, "నేను కాదు, సీసా చెప్పాలె" అనేవారు.

ఒకసారి తడి పోకముందే కలిపారు. డబ్బా నిండా సబ్బు ముద్ద!

"ఇంజన్‌కు తానం పోస్తరా ఏంది సారూ?" అన్నాడు మల్లయ్య.

"పోస్త. నీకు గూడ ఓ ముద్ద ఇస్త, తీస్కపో" అన్నారు సారు.

సీసా సరేనన్న రోజున ఇంజను కావలసి వచ్చింది. ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు. సారు నా గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. మా చేనుకు కరెంటు లేదు. నీళ్లు తోడడానికి నాకున్నది ఆ ఒక్క డీజిల్ ఇంజనే. మిరప పూత మీదుంది. ఇంజను చెడితే పంట పోయినట్టే. కానీ సారు ముఖం చూసి లేదనడం నాకు చేతకాలేదు.

హ్యాండిల్ తిప్పగానే అందుకుంది. పొగంతా సమోసా వాసన. "ఎవలింట్ల నాష్టా?" అంటూ నలుగురు చేరారు. అరగంటకు దగ్గి దగ్గి ఆగిపోయింది.

"ఖతమ్! పాయె నీ ఇంజన్" అన్నాడు మల్లయ్య.

సారు పానా అడిగి ఫిల్టర్ విప్పారు. నల్లటి మడ్డి. వేలితో తీసి చూపించారు. "ఇది నా నూనెది కాదు మల్లయ్యా. ఏండ్ల సంది ట్యాంకిల పట్టిన డీజిల్ మడ్డి. నా నూనె కడిగింది, గంతే." సంచిలోంచి కొత్త ఫిల్టర్ తీశారు.

"ముందే తెల్సా సారూ?" అన్నాను.

"తెల్సు. చెప్తే ఇంజనిస్తుంటివా?"

ఇక అది ఆగలేదు. ఆ ఏడు మిరప విరగకాసింది. అదే ఇంజను ఇప్పటికీ నడుస్తోంది. సారును తలచుకుంటే మాత్రం ఆ మొదటి రోజు సాయంత్రమే కళ్లకు కడుతుంది. చివరి సాలుకు మల్లయ్యే పారతో మడవ తీశాడు. ఎండిన నేలను నలుపు చేసుకుంటూ నీళ్లు వస్తున్నాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఆ నీళ్లకు ఒక్క అడుగు ముందుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులా "రా, రా" అని పిలుస్తున్నారు సారు.