సాకు అంటే చాలు

లిఫ్టులో అడుగుపెట్టగానే ఆముదం కాలిన వాసన తగిలింది. మా వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంటులో ఎవరో పసిబిడ్డకు తలంటడానికి ఆముదం వెచ్చబెట్టి, పొయ్యి మీదే మరిచిపోయినట్టున్నారు. లిఫ్టులో ఉన్న మిగతా ఇద్దరూ ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం దిగాల్సిన ఐదో అంతస్తు దాటి ఎనిమిది దాకా వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చాను. నాకది వంటింటి వాసన కాదు, బొమ్మ విమానాల ఇంజను వాసన. ఆ ఇంజన్లలో పోసే ఇంధనంలో ఆముదం కలుపుతారు. ఒకప్పుడు ఆదివారం పొద్దున ఏడు గంటలకు హొసకోటె అవతల ఎండిన చెరువులో ఆ పొగ లేచేది. పొగ వెనకాల, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, మునివెంకటప్ప నిలబడి ఉండేవారు.

ఆయన ఒక ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. టమోటా, ద్రాక్ష పండించే తెలుగు కుటుంబంలో, హొసకోటె పక్కనే పుట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. ఆయన నోట్లో ఆ రెండింటి మధ్య గోడ ఉండేది కాదు. తేలికపాటి బల్సా కర్రతో విమానాలను తానే చెక్కి, రేడియో రిమోటుతో తానే ఎగరేసేవారు. నేను అప్పుడే కదిరి నుంచి వచ్చి, అట్టపెట్టెల కంపెనీలో చేరాను. ఒక అట్టలోంచి వృథా తక్కువగా ఎన్ని పెట్టెలు తెగుతాయో లెక్కగట్టడం నా పని. ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, కాగితం మీద తేలని దేన్నీ నమ్మేవాణ్ణి కాదు.

విమానాన్ని లేపడం, దించడం అప్పటికే వచ్చు. నాకు కావలసింది విన్యాసాలు. గాలిలో గుండ్రంగా చుట్టు తిప్పడం, పక్కకు పొర్లించడం, తలకిందులుగా నడపడం.

"నమస్కారం సార్, మీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను" అన్నాను మొదటిరోజు.

"సార్లంతా వైట్‌ఫీల్డ్‌లో ఉండారప్పా. ఈడ ఉండేది మునెంకటప్ప. అన్నా అను చాలు. ఆ చేతిలో పుస్తకమేంది?"

చూపించాను. విమానం మనకు ఎదురుగా వచ్చేటప్పుడు దాని కుడి మనకు ఎడమవుతుంది. కొత్తవాళ్ళంతా అక్కడే పొరపాటు పడి కూలుస్తారు. ఏ దిక్కున వస్తుంటే పుల్ల ఏ వైపు జరపాలో నేను పదహారు గడులతో పట్టిక గీసుకున్నాను. రిమోటు మీది స్టిక్కును ఆయన పుల్ల అనేవారు. నాకూ అదే అలవాటైంది. ఆయన పట్టికంతా ఓపిగ్గా చదివారు.

"బాగుండాది. నువ్వు ఇది చదివేలోగా ఇమానం మీ మామగారి ఊరు చేరతాది. టమోటా చెట్టు వాలితే ఊత ఏ పక్క పెడతావప్పా?"

"వాలిన పక్కే."

"అంతే. ఎదురుగా వచ్చేటప్పుడు ఏ రెక్క వాలితే ఆ పక్కకి పుల్ల పెట్టు. ఊత ఇచ్చినట్ల. కుడి ఎడమలు మర్చిపో."

పదహారు గడులు ఒక్క ముక్కలో పోయాయి. నాకు కొంచెం బాధ కూడా కలిగింది. ఆ పట్టిక గీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది మరి.

ఆయన పద్ధతి ఒకటే. ఒక ఆదివారానికి ఒక విన్యాసం. అది కుదిరినా కుదరకపోయినా రెండోది ముట్టుకోనిచ్చేవారు కాదు. నా చుట్లు గుండ్రంగా వచ్చేవి కావు. "ఇది చుట్టు కాదప్పా, వంకాయ" అనేవారు. పైకి పోయేటప్పుడు ఇంజనుకు బలమివ్వాలి, నెత్తి మీదికి రాగానే తగ్గించాలి, పుల్లను మెల్లగా లాగాలి. వంకాయల నెలలో ఒక పొద్దున జరిగింది ఇది. విమానం చుట్టు పూర్తిచేసి కిందికి దిగుతోంది. నేల దగ్గరవుతున్నకొద్దీ నేను పుల్లను ఒళ్ళోకి లాగుతున్నాను.

"సాకప్పా, సాకు!" అని అరిచారాయన.

నాకు రోషం వచ్చింది. "సాకు కాదన్నా, గాలి నిజంగానే తోస్తోంది!" అని ఇంకా గట్టిగా లాగాను. అంతగా లాగితే రెక్క మీద గాలి పట్టు తప్పుతుంది. విమానం ఒక్కసారి మెలితిరిగి నీలగిరి చెట్లలోకి పోయింది. కొమ్మలు విరిగిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన నావైపు తిరిగి, నేనేమన్నానో గుర్తుచేసుకుని, ఉన్నచోటే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"సాకంటే చాలు అనప్పా! లాగింది చాలు, ఇంక వదులు అన్నా. నువ్వు నెపం చెప్తా ఉండావని ఎవరన్నారు?"

హోటల్లో సాంబారు వడ్డించేవాడితో ఆ కన్నడ మాట రోజూ నేనే అనేవాణ్ణి. కానీ ఆయన తెలుగులో మాట్లాడుతుంటే నా చెవికి అది తెలుగు మాటగానే వినబడింది. విరిగిన ముక్కలు ఏరుతూ ఆయన ఇంకోటి కూడా అన్నారు. "అయినా నీ తెలుగు సాకు కూడా తక్కువేం లేదులే. కూలినప్పుడల్లా గాలి ఎంతో పుస్తకంలో రాస్తావు. బాగా ఎగిరిన రోజు గాలి యాల రాయవు?"

ఇంటికెళ్ళి పుస్తకం తిరగేశాను. నిజమే. బాగా ఎగిరిన రోజుల్లో గాలి గడి ఖాళీగా ఉంది.

లెక్కలంటే ఆయనకు చులకన అని కాదు. ఆయన కొత్తగా చేసిన విమానం తోక కొంచెం బరువుగా ఉందని, ముందువైపు పదకొండు గ్రాములు పెట్టాలని ఒకసారి లెక్కగట్టి చెప్పాను. ఆయన మారుమాట లేకుండా డబ్బాలోంచి ఒక ఇనప నట్టు తీసి, తూచి, పదకొండు గ్రాములకు ఆకురాయితో అరగదీసి, ముక్కులో బిగించారు. విమానం గీత గీసినట్టు పోయింది. "లెక్కకీ కండ్లుండాయప్పా" అన్నారు. ఆ మాట నాకు వారం రోజులు నిద్రలో కూడా తియ్యగా ఉంది.

ఆ తర్వాతి ఏడాది ఆయన కళ్ళే పోవడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పారట. ముందు ఎడమ కన్ను, తర్వాత రెండోది. నడిచేటప్పుడు ఎడమ పక్కకు జరిగిపోయేవారు. నేను ఆ పక్కన నడవడం అలవాటు చేసుకున్నాను. అయినా చేతులు ఊరుకోలేదు. తడుముకుంటూ, వేళ్ళతో కొలుస్తూ, ఎనిమిది నెలలు పట్టి ఒక పసుపురంగు విమానం చేశారు. ఇక మరొకటి చెయ్యలేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కొత్తవాళ్ళంతా బ్యాటరీ విమానాలకు మారినా, దీనికి మాత్రం పాత ఆముదం ఇంజనే పెట్టారు.

"బ్యాటరీది నాకు వినబడదప్పా. ఇదైతే యాడుండాదో తెలుస్తాది. దీన్ని ఈ చెరువు మీద, ఈ చివర నుంచి ఆ చివరకి తలకిందులుగా తీసకపో. ఒక్కసారి. మనిషెత్తు రెండింతల్లో. నేను వింటా."

తలకిందులుగా నడిపేటప్పుడు అంతా తిరగబడుతుంది. మామూలుగా పుల్ల లాగితే పైకి లేచే విమానం అప్పుడు నేలలోకి దూసుకుపోతుంది. అప్పుడు నెట్టాలి. నాకది తెలుసు. కానీ భయం వేస్తే చెయ్యి తనవైపే లాగుతుంది. నా పుస్తకంలో తలకిందుల ప్రయత్నాలు పంతొమ్మిది. చాలా ఎత్తులో చేసినవి కాబట్టి ఏదీ కూలలేదు. కానీ వాటిలో పద్నాలుగుసార్లు నేను లాగాను. ఆయన అడిగిన ఎత్తులో ఒక్కసారి లాగినా చాలు.

"అన్నా, పంతొమ్మిదిలో ఐదే సరిగా వచ్చాయి. ఇంకో రెండు నెలలు సాధన చేస్తే, మనకు కనీసం..."

"ఇది తెలుగు సాకా, కన్నడ సాకా?" అన్నారు మెల్లగా.

పుస్తకం మూసి సంచిలో పెట్టాను.

పసుపు విమానం లేచింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తల కాస్త వంచి, చెవి ఆకాశం వైపు పెట్టి నిలబడ్డారు. తూర్పు చివర తిప్పి, ఎత్తు తగ్గించి, పొర్లించాను. విమానం పొట్ట ఆకాశం వైపు తిరిగింది. నేల దాని నెత్తికి దగ్గరగా పరుగెడుతోంది. నా బొటనవేలు నావైపు రావాలని కొట్టుకుంటోంది.

"ఇంజను గొంతు పెరిగింది. ముక్కు దిగతా ఉండాది. నెట్టు."

నాకింకా ఏమీ కనబడలేదు. అయినా నెట్టాను. ముక్కు లేచింది, ఇంజను మళ్ళీ నిమ్మళించింది. అప్పుడు నాకూ వినబడింది. వేగం పెరిగితే దాని గొంతు సన్నబడుతుంది, తగ్గితే బొంగురుపోతుంది. ఆ రెండింటి మధ్య సన్నని దారి ఉంది. దాని మీద చెరువు పొడవునా పోయాం. లెక్కపెట్టలేదు. ఎన్ని క్షణాలో ఈనాటికీ నాకు తెలియదు. పడమటి చివర మళ్ళీ పొర్లించి, మామూలుగా చేసి పైకి లేపాను.

నా ఒళ్ళంతా ఇంకోసారి, ఇంకోసారి అంటోంది. ఆయన నా భుజం మీది చెయ్యి తీశారు.

"సాకు" అన్నారు.

ఈసారి ఏ భాషా అని వెతుక్కోలేదు. దించేశాను. చక్రాలు ఆగాక ఆయన తడుముకుంటూ వెళ్ళి, రెక్క మీద పేరుకున్న ఆముదాన్ని అరచేత్తో తుడిచి, ఆ చేతిని చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకున్నారు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ చెరువులోకి ఇప్పుడు నీళ్ళు వచ్చాయి. మేం విమానాలవాళ్ళం పక్కనున్న బీడులో ఎగరేస్తున్నాం. పసుపు విమానం నా దగ్గరే ఉంది, ముక్కు దగ్గర నా చేతి నూనె మరకలతో. ఆఫీసులో ఒక లెక్కను రెండుసార్లు సరిచూసి మూడోసారి మొదలుపెట్టబోతే, భుజం మీంచి ఎవరో చెయ్యి తీసినట్టనిపిస్తుంది. కాగితం పంపించేస్తాను. ఇప్పుడు బాగా ఎగిరిన రోజుల్లో కూడా గాలి ఎంతో రాస్తున్నాను.

ఈ సాయంత్రం లిఫ్టు దిగి ఇంట్లోకి వచ్చాక పాత పుస్తకం తీశాను. మా ఆవిడ పద్మ పక్కన కూర్చుని పేజీలు తిప్పింది. ప్రతి వరుసలో నిమిషాలు, ఎత్తు, గాలి, ప్రయత్నాల సంఖ్య. ఒక్క వరుసలో మాత్రం అంకె ఒకటీ లేదు. ఒకే ఒక్క మాట ఉంది.

"సాకు అని రాశారేంటి? ఆ రోజు ఎగరకుండా ఏం సాకు చెప్పారు?" అంది.

"ఆ రోజు చెప్పనివ్వలేదు" అన్నాను.